క్రిస్టీనా బావికి రెండో సాక్షి

ఏరా రఘూ, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. పదేళ్ళుగా ఈ ప్లెయిన్స్‌బరోలో కాపురం ఉంటున్నావు. నీ అపార్ట్‌మెంట్ వెనకాల ఓ వాగు పారుతోంది, దాని పేరేంటో చెప్పు చూద్దాం. తెలీదు కదూ? గూగుల్‌ని అడుగుతావా? అడుగు, నేనేం అనుకోను. నేను మూడే మూడు నెలలు నెబ్రాస్కాలో ఉండి వచ్చాను. నూట యాభై ఏళ్ళ కిందట అక్కడ ఎవరింటి కప్పులోంచి పాము జారి ఎవరి గంజి గిన్నెలో పడిందో కూడా చెప్పగలను. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, ఆ మాత్రం ఉండదూ?

ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ కార్లో ఏమన్నావు? "అక్కడ మొక్కజొన్న తప్ప ఏముంది బాబాయ్, ఎలా గడిపావు?" అన్నావు. అందుకే చెప్తున్నా. ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకో. నాకు అరవై ఏడొచ్చాయి. నన్ను బురిడీ కొట్టించిన మనిషి ఇంతవరకూ తగల్లేదు. మీ నాన్న పెళ్ళిలో ఆడపెళ్ళివారి చెప్పుల్లో కుడికాలివన్నీ బస్సెక్కించి కనిగిరి పంపిందెవరు? ఆఁ, నేనే. ఇక విను.

నమ్రత నా అక్క కూతురని నీకు చెప్పనక్కర్లేదు. డాక్టరు చదువయ్యాక వీసా కోసం మూడేళ్ళు పల్లెటూళ్ళో పని చేయాలన్నారని ఎల్మ్‌ఫోర్క్ అనే ఊళ్ళో క్లినిక్‌లో చేరింది. ఆరువందల మంది జనం, ఒక పెట్రోలు బంకు, ధాన్యం పోసే రెండు పొడుగాటి డబ్బాలు. వాళ్ళాయన సిద్ధార్థ్ ఒమాహాలో ఉద్యోగం, శుక్రవారం వచ్చి ఆదివారం పోతాడు. జూన్‌లో నేను దిగిన మర్నాడే నమ్రత నా వేలికి సూది గుచ్చింది. రిపోర్టు చూసి మొహం మాడ్చుకుంది.

"మూడు నెలల షుగరు తొమ్మిది పాయింట్ ఆరు మావయ్యా. రోజూ రెండు మైళ్ళు నడవాలి."

"నలభై ఏళ్ళు బోరు లారీ మీద ఊళ్ళు తిరిగినవాణ్ణే. నాకు నడక నేర్పుతావా? అయినా ఇక్కడ నడిచి ఎక్కడికి పోవాలి? ఎటు చూసినా ఆకాశమేగా."

"నడవకపోతే కళ్ళు పోతాయి. జోక్ కాదు."

ఆ సాయంత్రమే నడక బూట్లు కొనుక్కొచ్చింది. వాటిలో మట్టి నింపి కొత్తిమీర చల్లాను. వారానికి మొలకలొచ్చాయి. నమ్రత నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి చాలాసేపు అలాగే నిలబడింది. నాకు కాస్త గుచ్చుకుందిలే. కానీ నడుస్తానని మాత్రం అనలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఒకావిడ మా గుమ్మంలోకొచ్చింది. ఆరడుగుల మనిషి, ఎనభై ఆరేళ్ళు, నెత్తిన మగవాళ్ళ టోపీ, చేతిలో పళ్ళెం, అందులో వేడివేడి ఆపిల్ పై, మన కజ్జికాయ లాంటిదిలే. పేరు యూనిస్. ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పి రిటైరై, పాత రైల్వే స్టేషన్లో చిన్న మ్యూజియం నడుపుతోంది. నమ్రత దగ్గర బీపీ మందులు తీసుకుంటుంది. నేను ఆవిణ్ణి మొదటి రోజు నుంచే యూనిసమ్మా అన్నాను. ఆవిడ నన్ను శేష్ అంది.

"నువ్వు బావులు తవ్వేవాడివట కదా?" అంది. మొదట్లో నమ్రత మధ్యలో కూర్చుని చెప్పేది. తర్వాత్తర్వాత ఆవిడ మాటలు, నా ఇంగ్లీషు, చేతులూ కలిసి మాకో భాష తయారైంది.

"చిన్నప్పుడు గునపంతో, పెద్దయ్యాక మిషన్‌తో. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిస్తే, నీళ్ళున్న చోట నిటారుగా లేస్తుంది," అన్నాను. కాయ లేవదురా రఘూ. లేపాలి. బొటనవేలు కింద చిన్న కిటుకుంది. నేల చూసి చోటు ముందే తెలుసుకుంటాం. కాయ జనం కోసం.

ఆవిడ అప్పుడు ఓ కాగితం తీసింది. ఆవిడ తాతమ్మ క్రిస్టీనా, స్వీడన్ నుంచి వచ్చిన విధవ, చంకలో పిల్లతో ఆ మైదానంలో దిగింది పద్దెనిమిది వందల డెబ్భై నాలుగులో. అప్పట్లో ప్రభుత్వం నూట అరవై ఎకరాలు ఊరికే ఇచ్చేదట. ఊరికేనా? ఐదేళ్ళు అక్కడే బతకాలి, ఇల్లు కట్టాలి, నేల దున్నాలి. ఐదేళ్ళయ్యాక ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు ఆఫీసుకొచ్చి, అవును, ఈమె ఇక్కడే ఉంది, మేం చూశాం అని ప్రమాణం చేయాలి. యూనిసమ్మ చేతిలోది ఆ సాక్ష్యం నకలు. పద్నాలుగడుగులకి పదహారు మట్టి ఇల్లు, ఒక తలుపు, రెండు కిటికీలు, డెబ్భై అడుగుల బావి అని రాసుంది. ఆ నూట అరవై ఎకరాల్లో అవి ఎక్కడున్నాయో మాత్రం రాసిలేదు.

"ఊరికి అదే మొదటి ఇల్లు, అదే మొదటి బావి," అంది నమ్రత. "చుట్టుపక్కల కొత్తగా వచ్చిన కుటుంబాలన్నీ ఆ బావి నీళ్ళే తాగాయట. ఆ నేల ఇప్పుడు ఈవిడ తమ్ముడి కొడుకు డేల్‌ది. పచ్చిక బీడుగా వదిలేశాడు. గాలిమరల కంపెనీకి లీజుకిచ్చాడు. సెప్టెంబర్‌లో మధ్యలోంచి రోడ్డు వేస్తారు. బావి ఎక్కడుందో తేలితే రోడ్డు పక్కకి తిప్పిస్తానన్నాడు డేల్. లేకపోతే బుల్డోజర్ పోయాక వెతకడానికి ఏం మిగలదు."

యూనిసమ్మ ఇంగ్లీషులో ఒక్క ముక్క అంది. నమ్రత దాన్ని నాకు తెలుగులో చాలా పొడుగ్గా చెప్పింది. "ఇంకోటి మావయ్యా. పాతవాళ్ళకో రూలుండేదట. పొద్దున్నే హద్దు వెంట నాలుగు మూలలూ చుట్టి వస్తేగానీ లోపల కాలు పెట్టకూడదు. నేలకిచ్చే మర్యాద. ఆవిడకి ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. అలా చేస్తానంటేనే వెతకమంటోంది."

యూనిసమ్మ దగ్గి, కిటికీలోంచి చూసింది.

చూశావా, నూట యాభై ఏళ్ళ కిందటి తెల్లవాళ్ళు మన గుళ్ళో ప్రదక్షిణ లాంటిది పెట్టుకున్నారు. ఏంటి, ఫోను తీశావు? స్టేటస్ పెడుతున్నావా? పెట్టు, పెట్టు. ఇలాంటివి నలుగురికీ తెలియాలి.

అలా మొదలైంది. పొద్దున ఆరింటికి నమ్రత క్లినిక్‌కి పోతూ నన్ను ఆ బీటి దగ్గర దించేది. కొత్తిమీర పీకేసి బూట్లు తొడుక్కున్నాను. మోకాలెత్తు గడ్డి, మంచుకి ప్యాంటు తడిసిపోయేది. మూలకో తుప్పు పట్టిన ఇనుప కడ్డీ. నాలుగు మూలలూ ముట్టుకుని వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి బయల్దేరేవాడు. ఇక లోపల వెతకడానికి ఓ అరగంట ఓపిక మిగిలేది. తొమ్మిదింటికి యూనిసమ్మ తన పికప్‌లో వచ్చి హారన్ కొట్టేది. నేను బండెక్కగానే అడిగేది, "నాలుగు మూలలూ అయ్యాయా?"

"అయ్యాయమ్మా. నాలుగో మూల దగ్గర కప్ప కూడా సాక్ష్యం చెప్తుంది."

తర్వాత ఇద్దరం మ్యూజియంలో కూర్చునేవాళ్ళం. నేను ఇంగ్లీషు చదవలేను కాబట్టి వస్తువులు చేతిలోకి తీసుకుని అడిగేవాణ్ణి. ఇదేంటి, దీంతో ఏం చేసేవాళ్ళు, ఎవరు చేశారు? చెట్టన్నది లేని చోట ఇల్లెలా కట్టారని అడిగితే, గడ్డిని వేళ్ళతో సహా నాగలితో ఇటుకల్లా కోసి పేర్చారని చెప్పింది. వాన పడ్డ రెండు రోజుల దాకా కప్పులోంచి బురద కారేదట. కట్టెలు లేకుండా వంటెలా చేశారని అడిగాను. అడవి దున్నల పేడ ఎండబెట్టి కాల్చారంది.

"పిడకలా!" అని కుర్చీలోంచి లేచాను. "యూనిసమ్మా, మనం చుట్టాలం."

అన్నిటికన్నా నాకు నచ్చినవి దొంగ సాక్ష్యాలు. ఇల్లు పన్నెండుకి పద్నాలుగు అని ప్రమాణం చేసేవాళ్ళట కొందరు. అడుగులని ఆఫీసువాడు రాసుకునేవాడు. కట్టింది అంగుళాల్లో, పిచ్చుక గూడంత. ఇంకొందరు చక్రాల మీద ఒకే ఇల్లు పెట్టుకుని, ఈ నేల నుంచి ఆ నేలకి లాక్కుంటూ నలుగురైదుగురు దాన్నే చూపించేవాళ్ళట. నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నాబోటి వాళ్ళు ఈ దేశం ఎప్పుడో చేరుకున్నారన్నమాట.

ఒకరోజు అడిగాను, "క్రిస్టీనా రాకముందు ఈ నేల ఎవరిది?"

యూనిసమ్మ చేతిలో గుడ్డతో లాంతరు గాజు తుడుస్తూ, "పానీ అనే ఆదివాసీ జాతి వాళ్ళది. క్రిస్టీనా వచ్చిన ఆ రోజుల్లోనే వాళ్ళని దక్షిణాదికి పంపించేశారు. వాళ్ళకి సాక్షులెవరూ లేరు," అంది. ఎంచేతో మర్నాడు హద్దు తిరిగేటప్పుడు కాస్త మెల్లగా నడిచాను.

జూలై పోయింది. నా బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పెట్టించుకున్నాను. కనిగిరి నుంచి మీ పిన్ని చాముండేశ్వరి ఫోన్ చేసి, "ఆ బావి దొరికిందా లేదా? దొరక్కపోతే అందులోనే దూకేట్టున్నారే," అని ఎగతాళి. గాలిమరల కంపెనీ వాళ్ళు వచ్చి బీట్లో గులాబీరంగు జెండాలు పాతి పోయారు. అవి చూసినప్పుడల్లా యూనిసమ్మ స్టీరింగు గట్టిగా పట్టుకునేది.

ఆగస్టులో పదిహేను రోజులు వాన లేదు. గడ్డి ఎండి వంగింది. నెలాఖరు వారంలో సోమవారం హద్దు తిరిగొచ్చి లోపలికి వెళ్ళాను. ఓ గోఫర్, మన పందికొక్కు లాంటిదిలే, బొరియ తవ్వి మట్టి బయటికి నెట్టింది. నేను దాన్ని దాటిపోయి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చాను. ఆ నేలంతా నల్లమట్టి. ఈ కుప్పలో మాత్రం పసుపుపచ్చ ఇసుకరాయి ముక్కలు. ఆ రంగు మట్టి అక్కడ యాభై అరవై అడుగుల లోతున గానీ ఉండదు. పందికొక్కు అంత లోతు పోదు. ఎవరో మనిషి తవ్వి పైన పోస్తేనే వస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ఎదురుగా ఇరవై అడుగుల్లో నేల పళ్ళెంలా కాస్త దిగి ఉంది. అక్కడ గడ్డి ఇంకా పచ్చగా ఉంది.

దొరికింది.

తొమ్మిదింటికి హారన్ వినపడింది. పరిగెత్తుకెళ్ళి చెప్పాలా? అలా చెప్తే నేను శేషగిరిని ఎలా అవుతాను? రోడ్డు వేసేముందు ఆఖరిసారి చూడ్డానికి శనివారం డేల్ వస్తున్నాడు. లింకన్ పట్నం నుంచి పాత కట్టడాలు పరిశీలించే మేగన్ అనే అమ్మాయి వస్తోంది. అందరి ముందూ కాయ లేపి చూపించాలి కదా! పైగా ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మధ్యాహ్నం నమ్రత సైకిలేసుకుని నేనొక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. మీ పిన్ని నా పెట్టెలో సర్దిన ఇత్తడి చెంబు ఆ గుంటలో పాతిపెట్టాను. తవ్వగానే చెంబు, దాని మీద తెలుగు అక్షరాలు! క్రిస్టీనా బావి దగ్గర తెలుగువాళ్ళు! ఆ లింకన్ పిల్ల మొహం చూడాలి అనుకున్నా. గడ్డి పెళ్ళ జాగ్రత్తగా మళ్ళీ కప్పేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం యూనిసమ్మ వంటింట్లో కూర్చున్నాం. ఆవిడ ఆ సాక్ష్యం కాగితం మళ్ళీ తీసి, అడుగున వేలు పెట్టి చూపించింది. అక్కడ సంతకం లేదు. ఇంటూ గుర్తు ఉంది.

"క్రిస్టీనాకి రాయడం రాదు," అంది. "మొదటి సాక్షి ఎనిమిది మైళ్ళు మంచులో నడిచొచ్చాడట. రేపు నేనడిగేది కూడా అంతే. నేను చుట్టాన్ని, నా మాట లెక్కలోకి రాదు. బయటివాడొకడు నిలబడి, నేను చూశాను, ఇదీ చోటు అని చెప్పాలి. ఆ మాట నువ్వు చెప్తావనే నమ్మకంతో ఉన్నాను శేష్."

మా అమ్మ వేలిముద్ర వేశాక బొటనవేలు గోడకి రాసి తుడుచుకునేది, గుర్తుందా నీకు? నీకెలా గుర్తుంటుందిలే. నాకు అది గుర్తొచ్చింది. రేపు ఆ గుంటలోంచి నా చెంబు బయటికొస్తే, ఇదంతా ఎవడో చేసిన వేళాకోళమని మేగన్ పెట్టె సర్దుకుని పోతుంది. సోమవారం బుల్డోజర్ వస్తుంది. నోట్లో కాఫీ చేదైపోయింది.

"యూనిసమ్మా, ఐ పుట్ వన్ పాట్ దేర్. మై వైఫ్ పాట్. జోక్. బ్యాడ్ జోక్."

ఆవిడ నన్ను చూసింది. లేచి వెనక గదిలోకి పోయింది. చెంబు పట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టింది. తళతళా తోమి ఉంది. అందులో బంతిపూల్లాంటి పూలు.

"మంగళవారమే తీశాను," అంది. "ఇక్కడ ఎండాకాలమంతా దక్షిణపు గాలి. గడ్డంతా ఉత్తరానికి వాలుతుంది. నువ్వు పెట్టిన పెళ్ళ ఒక్కటే దక్షిణానికి వాలింది. ఇంకో సంగతి. మీ అక్షరాలు నాకు రావు కానీ, అంకెలొచ్చు."

చెంబు తిప్పి చూపించింది. కొట్లో కొన్న రోజున చెక్కించారు కదా, చుక్కల చుక్కల అక్షరాలతో చాముండేశ్వరి అని. దాని పక్కనే, 1986.

సిగ్గుతో నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. సోమవారం నుంచి నేను ఆ చోటు సంగతి ఎవరితోనూ అనలేదు. నూట అరవై ఎకరాల్లో ఒక్క గడ్డి పెళ్ళ తిరగబడితే, మర్నాటికల్లా ఈవిడ అక్కడికి ఎలా వెళ్ళింది?

"యూనిసమ్మా," అన్నాను, "నువ్వు..."

ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుంది. "కాఫీ చల్లారిపోతోంది," అంది.

శనివారం పొద్దున పదిమంది పోగయ్యారు. డేల్ చేతులు కట్టుకుని పికప్‌కి ఆనుకుని నిలబడ్డాడు. నేను కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకున్నాను. అందరూ ఫోన్లు పైకెత్తారు. నాలుగడుగులు వేశాను. బొటనవేలు దాని చోటికి అదే పోయింది. ఎందుకో తీసేశాను. కాయ డేల్ చేతిలో పెట్టి, నమ్రతని పిలిచాను.

"వాళ్ళకి చెప్పవే. కాయ అబద్ధం, మట్టి నిజం. ఈ పసుపు రాళ్ళు చూడమను. ఆ పచ్చ గడ్డి చూడమను. ఇక్కడ బావి ఉంది. నేను చూశాను."

నమ్రత గొంతు సర్దుకుని చెప్పింది. మేగన్ వంగి రాళ్ళు వేళ్ళ మధ్య నలిపి చూసింది. పొడుగాటి ఇనుప కడ్డీ నేలలోకి దించింది. మొదటిసారి మెత్తగా దిగిపోయింది. రెండోసారి మూడడుగుల దగ్గర టంగుమంది. అడుగు పక్కకి జరిపి దించింది, మళ్ళీ టంగు. అలా చుట్టూ పోతే గుండ్రంగా వచ్చింది. మధ్యాహ్నానికి రాతి వరస బయటపడింది. కాస్త అవతల తుప్పు పట్టిన పొయ్యి ముక్క, కిటికీ గాజు పెంకు.

డేల్ జేబులోంచి ఓ కవరు తీశాడు. అంచులన్నీ టేపు వేసి ఉంది. "మే నెలలో మా అత్త ఇచ్చింది," అన్నాడు. "బయటివాడెవడైనా తనంతట తాను చోటు చూపించాకే తెరవమంది." చించాడు. లోపల చేత్తో గీసిన పటం, నాలుగు మూలలు, మధ్యలో ఇంటూ గుర్తు. మేగన్ టేపు పెట్టి కొలిచింది. ఆ గుర్తుకీ రాతి వరసకీ తొమ్మిదడుగుల తేడా.

"బావిలో దూడ పడిందని మా నాన్న పూడ్చినప్పుడు నాకు ఏడేళ్ళు," అంది యూనిసమ్మ. "చోటు గుర్తుపెట్టుకోమని చెప్పాడు. కానీ నా ఒక్కదాని మాట సరిపోలేదు కదా, డేల్."

డేల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. వెళ్ళి గులాబీరంగు జెండాలు ఒకటొకటే పీకడం మొదలుపెట్టాడు. నేను కాయ తీసుకుని ఆ పాత రాయి మీద కొట్టాను. నీళ్ళు రాతి మీదుగా మట్టిలోకి ఇంకిపోయాయి. కొబ్బరి ముక్కలు అందరం తిన్నాం.

చెంబు ఇప్పుడు ఆ మ్యూజియంలో ఉంది. కింద కార్డు మీద యూనిసమ్మ రాసింది, ఆగస్టులో శేష్ పాతాడు, యూనిస్ తవ్వింది అని. మీ పిన్నికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు. నువ్వు నోరెత్తకు.

విమానం ఎక్కేముందు నమ్రత మళ్ళీ వేలికి సూది గుచ్చింది. రిపోర్టు నాకు కనపడకుండా పట్టుకుని, మూతి బిగించి నవ్వు ఆపుకుంటోంది. యూనిసమ్మ కూడా ఏదో పనున్నట్టు అక్కడే కూర్చుంది.

"ఏడు పాయింట్ ఒకటి మావయ్యా."

"అంత ఎలా తగ్గిందే?"

"నూట అరవై ఎకరాల హద్దు చుట్టూ ఎంత దూరమో తెలుసా? సరిగ్గా రెండు మైళ్ళు."

నేను యూనిసమ్మ వైపు తిరిగాను. "నాలుగు మూలల రూలు, పాతవాళ్ళ మర్యాద, ఏ చట్టంలో రాసుందమ్మా?"

"మొదటి రోజు దాని గురించి నేను ఒక్క మాటా అనలేదు," అంది యూనిసమ్మ. "ఆపిల్ పై చల్లారిపోతుంది, ముందు తినమన్నానంతే."

నమ్రత జేబులోంచి మందులు రాసే ప్యాడ్ తీసి నా ముందు ఊపింది. "ఇందులో రాసుంది మావయ్యా."

ఏరా, నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. ముందు ఆ స్టేటస్ ఎంతమంది చూశారో చూసుకో.